‘మీ రేడియో ఆళ్లది కదేటి?’: ఒక కమ్యూనిటీ రేడియో వార్తలపై వచ్చిన పక్షపాతం ఫిర్యాదు - కేస్ స్టడీ

శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే కమ్యూనిటీ రేడియోలో జరిగిన వ్యవహారం ఇది. కమ్యూనిటీ రేడియోల్లో పనిచేసేవాళ్లకు స్క్రిప్టు రాయడం, వార్త చదవడం, శ్రోతల ఫిర్యాదులు విని జవాబు చెప్పడం నేర్పడం నా పని. ఊరు, సంస్థ, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. పార్టీల పేర్లు కూడా వదిలేశాను. ఈ కేసులో ఫిర్యాదు చేసిన పార్టీ మారింది, ఫిర్యాదు మాత్రం మారలేదు. అందుకే దీన్ని రాసి పెట్టాలనిపించింది.

నేపథ్యం

మన దేశంలో రేడియోలో సొంతంగా వార్తలు తయారుచేసి ప్రసారం చేసే అవకాశం ఆకాశవాణికి తప్ప ఇంకెవరికీ లేదు. ప్రైవేటు ఎఫ్ఎంలకు లేదు, కమ్యూనిటీ రేడియోలకూ లేదు. స్వచ్ఛంద సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని 2006లో విధానం వచ్చినప్పుడు, వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయ స్వభావమున్న కార్యక్రమాలు ప్రసారం చేయకూడదని అందులో స్పష్టంగా రాశారు. 2017లో కొంత సడలించారు. ఆకాశవాణి వార్తలను ఉన్నది ఉన్నట్టుగానో, స్థానిక భాషలోకి, యాసలోకి మార్చుకునో ఇవ్వవచ్చు. ఇంకో చోటి నుంచి తీసుకోకూడదు. మార్చి చెప్పేటప్పుడు అర్థం తప్పకుండా చూసుకునే బాధ్యత స్టేషన్‌దే.

ఈ స్టేషన్ రెండో దారి ఎంచుకుంది. అనౌన్సర్ ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు రికార్డు చేసుకుని, అందులోంచి కొన్ని ఎంచుకుని, ఊరివాళ్లు మాట్లాడుకునే తీరులో రాసుకుని సాయంత్రం చదివేది. ఏడెనిమిది నిమిషాల కార్యక్రమం. కమ్యూనిటీ రేడియో ట్రాన్స్‌మిటర్ బలం వంద వాట్లే కాబట్టి చుట్టుపక్కల పల్లెల వరకే వినబడుతుంది. ఆ పరిధిలో మాత్రం శ్రద్ధగా వినేవాళ్లున్నారు. చేపలు ఎండబెట్టే చోట, కిరాణా కొట్ల దగ్గర, వల బాగుచేసుకునే చోట ఫోన్‌లో పెట్టుకుని వింటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. టీవీ మూగబోయిన ఆ రోజుల తర్వాత ఇక్కడివాళ్లకు రేడియో మీద గురి పెరిగిందని పెద్దవాళ్లు చెబుతారు.

రేడియో మీద అనుమానం అంతకన్నా పాతది. ‘రేడియో అంటే గవుర్మెంటుదే కదా’ అన్నది ఇక్కడ అరవై దాటినవాళ్లందరి నోటా వినిపించే మాట. దానికి కారణం ఉంది. 1975-77 ఎమర్జెన్సీలో ఆకాశవాణిని ఎలా వాడుకున్నారో 1977 ఆగస్టులో కేంద్రమే శ్వేతపత్రం వేసి చెప్పింది. స్వయంప్రతిపత్తి కోసం ప్రసార భారతి చట్టాన్ని 1990లో చేసినా, అది అమల్లోకి వచ్చింది 1997లో. మధ్యలో 1995లో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తీర్పు చెప్పాల్సి వచ్చింది. అయినా వివాదాలు ఆగలేదు. 2017 ఆగస్టు 15న తన ప్రసంగాన్ని మార్చి ఇవ్వమన్నారని, అందుకు ఒప్పుకోకపోతే ప్రసారం చేయలేదని అప్పటి త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ ఆరోపించారు. కాబట్టి ఎవరైనా రేడియో వార్తను అనుమానిస్తే, వాళ్లకు వినడం రాదని నేను అనుకోను. అలా అనుకునే హక్కు శ్రోతకు చరిత్రే ఇచ్చింది.

వచ్చిన ఫిర్యాదు

2025 ఏప్రిల్ 26న ముఖ్యమంత్రి ఎచ్చెర్ల నియోజకవర్గంలోని బుడగట్లపాలెం వచ్చి, వేట నిషేధ కాలానికి మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే భృతిని ప్రారంభించారు. అంతకుముందు పదివేలు ఉన్నది ఇరవై వేలయింది. తీరంలో అంతకన్నా పెద్ద వార్త ఆ నెలలో ఇంకోటి లేదు. ఆకాశవాణిలో వచ్చింది, ఈ స్టేషన్ కూడా వివరంగా చదివింది.

తర్వాత కొద్ది రోజులకే ప్రతిపక్ష పార్టీకి చెందిన ఒక మాజీ ప్రజాప్రతినిధి కొందరు మత్స్యకారులను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వచ్చారు. ‘మీ రేడియో ఆళ్లది కదేటి? ఆళ్లేటి సెప్తే అదే సదువుతున్నారు’ అన్నారు. వెంట వచ్చినవాళ్లలో ఒకాయన గొంతు పెంచి, ‘సీఎం గారొచ్చిన కాడ్నించి ఎల్లినదాకా సెప్పినారు. లిస్టుల పేరు నేనోళ్ల మాట ఒక్కటి సెప్పినారేటి?’ అని అడిగాడు. భృతి లిస్టులో పేరు లేనివాళ్ల మాట అని ఆయన ఉద్దేశం. ఈ రెండు వాక్యాలూ మేనేజర్ గారు డైరీలో రాసుకున్నారు. ఆ సమయంలో రెండూ ఒకే ఫిర్యాదులా వినిపించాయి. అవి రెండు వేర్వేరు ఫిర్యాదులని తేలడానికి చాలా సమయం పట్టింది.

మేనేజర్ గారికి టెన్షన్ ఎక్కువైంది ఇంకో కారణంతో. 2024 జూన్‌లో ప్రభుత్వం మారకముందు, ఇప్పుడు అధికారంలో ఉన్న పక్షంవాళ్లే వచ్చి ఇదే మాట అన్నారు. అప్పుడు ఆ రేడియో ‘ఆళ్లది’, ఇప్పుడు ‘ఈళ్లది’. రెండు కాలాల్లోనూ మేనేజర్ ఆవిడే, అనౌన్సరూ ఆ అమ్మాయే. ‘మేం ఎవరి మనుషులమూ కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి సార్?’ అని ఆవిడ అడిగారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది. కానీ రెండు వైపులా తిడుతున్నారు కాబట్టి మనం మధ్యలో ఉన్నట్టే అన్న వాదన నాకు ఒప్పుదల కాదు. ఇద్దరూ తిట్టడానికి ఇద్దరికీ వేర్వేరు నిజమైన కారణాలు ఉండవచ్చు. ఈ వాదనతో ఫిర్యాదు దస్త్రం మూసేసిన సంస్థలు చాలా ఉన్నాయి. అందుకే దీన్ని పక్కన పెట్టి, అసలు ఏం ప్రసారమైందో చూద్దామన్నాను.

అప్పటికే చేసి చూసినవి

నేను వెళ్లేసరికి స్టేషన్ రెండు ప్రయత్నాలు చేసింది. మొదటిది, కార్యక్రమానికి ముందూ వెనకా ‘ఈ వార్తలు ఆకాశవాణి నుంచి తీసుకున్నవి, వీటితో మా కేంద్రానికి సంబంధం లేదు’ అని చదవడం. బాధ్యత ఎవరిదో చెబితే సరిపోతుందన్నది వాళ్ల ఆలోచన. అది ఎదురుతిరిగింది. ఆకాశవాణి పది వార్తలు చెబితే అందులో ఐదు ఎంచుకున్నది మీరే కదా అని కాలేజీ కుర్రాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్న అది. ఎంపిక చేసే చేయి ఎవరిదైతే ఆ వార్తకు బాధ్యత కూడా వాళ్లదే.

రెండోది, సమాన సమయం. అధికార పక్షం వార్త ఒకటి చదివితే ప్రతిపక్షం వార్త ఒకటి చదవాలని, సెకన్లు సరిచూసుకోవాలని కమిటీలో నిర్ణయించారు. ఇది విన్నవాళ్లకు ఎంతో న్యాయంగా కనిపిస్తుంది. ఎన్నికల సమయంలో గుర్తింపు పొందిన పార్టీలకు ఆకాశవాణి, దూరదర్శన్‌లలో సమయం కేటాయించే పద్ధతి ఉంది కదా అని ఒక సభ్యుడు ఉదాహరణ కూడా చూపించారు. కానీ అది పార్టీల ప్రచార ప్రసంగాల పద్ధతి. అందులో కూడా అందరికీ ఇచ్చే కనీస సమయం పోగా మిగతాది గత ఎన్నికల్లో వచ్చిన ఓట్లను బట్టి పంచుతారు. వార్త అలా పుట్టదు. కలెక్టరేట్‌లో ఏదో ఒకటి జరగని రోజు ఉండదు, ప్రతిపక్షం మాత్రం రోజూ మాట్లాడదు. మాట్లాడని రోజు ఆ సెకన్లు ఎలా నింపాలి? ఆకాశవాణిలో లేని వార్త చదవడానికి నిబంధన ఒప్పుకోదు. ఉన్న వార్తనే సాగదీయడం మొదలుపెట్టారు. దాంతో రెండు పక్షాలవాళ్లూ ఫోన్‌లో టైమర్ పెట్టుకుని వినడం మొదలైంది. ఫిర్యాదులు తగ్గకపోగా సెకన్ల లెక్కలోకి దిగాయి. ఇది ఆపేయమని నేను చెప్పకముందే వాళ్లు విసిగి ఆపేశారు.

మూడో ఆలోచన, వార్తలే ఎత్తేయడం. ఇది మేనేజర్ గారిది కాదు, సంస్థ పెద్దలది. కమ్యూనిటీ రేడియో ఆదాయంలో ప్రభుత్వ శాఖల ప్రకటనలు, వాళ్లు డబ్బిచ్చి చేయించే కార్యక్రమాలు పెద్ద భాగం. స్థానిక నాయకులకు కోపం వస్తే అవి పోతాయేమోనన్న భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. పక్షపాతం గొడవ చివరికి డబ్బు దగ్గర తేలడం పెద్ద దేశాల్లోనూ జరిగింది. అమెరికాలో పబ్లిక్ రేడియో, టీవీలది ఒకవైపు మొగ్గు అన్న ఆరోపణల మధ్య, వాటికి కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను 2025 జూలైలో అక్కడి కాంగ్రెస్ వెనక్కి తీసుకుంది. అయినా వార్తలు ఎత్తేయవద్దనే సలహా ఇచ్చాను. తుపాను హెచ్చరిక, వేట నిషేధం, పింఛను గడువు - ఇవి వినడానికే జనం ఆ సమయానికి రేడియో పెడతారు. వార్తలు తీసేస్తే ఆ అలవాటు పోతుంది. పోయిన అలవాటు తుపాను వచ్చిన రోజు అడిగితే తిరిగి రాదు.

కలిసి విన్న రోజు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. మగవాళ్లు ఇళ్ల దగ్గరే ఉంటారు. ఆ కాలంలోనే శ్రోతలతో కూర్చోవాలనుకున్నాం. ఒకే రోజు బులెటిన్ రికార్డింగు తీసుకున్నాం. అందులో ముఖ్యమంత్రి కార్యక్రమమూ ఉంది, ప్రతిపక్ష నాయకుడి విమర్శా ఉంది. రెండు పక్షాల అభిమానులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి వినిపించి, గుర్తున్నది రాయమన్నాం. రాయడం రానివాళ్లు చెబితే మావాళ్లు రాశారు.

అధికార పక్షంవాళ్లు, ‘విమర్శను చివర్లో పెట్టారు, వినేవాళ్ల చెవిలో అదే మిగిలిపోతుంది, కావాలని చేశారు’ అన్నారు. ప్రతిపక్షంవాళ్లు, ‘విమర్శను చివర్లో పెట్టారు, అప్పటికి సగం మంది రేడియో కట్టేస్తారు, కావాలని చేశారు’ అన్నారు. ఒకే వరుస, రెండు నేరాలు.

ఇది కొత్త సంగతి కాదు. 1985లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలోన్, రాస్, లెప్పర్ అనే పరిశోధకులు ఇలాంటిదే చేసి చూశారు. లెబనాన్ రాజధాని బీరూట్‌లో 1982లో పాలస్తీనా శరణార్థుల మీద జరిగిన ఊచకోత గురించి వచ్చిన టీవీ వార్తలనే ఇజ్రాయెల్ అనుకూలురకూ, అరబ్బుల అనుకూలురకూ చూపించారు. ఏ వైపూ మొగ్గనివాళ్లను కూడా కలిపి మొత్తం 144 మంది. అవే దృశ్యాలు చూసి రెండు వర్గాలూ అవి తమకు వ్యతిరేకంగా ఉన్నాయని చెప్పాయి. విషయం మీద ఎంత గట్టి అభిప్రాయం ఉంటే, మధ్యస్థంగా చెప్పిన వార్త కూడా అంత ఎదురుగా కనిపిస్తుందన్నది అందులోని సారం.

ఆ అధ్యయనం సంగతి స్టేషన్ సిబ్బందికి చెప్పాను. శ్రోతలకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో వివరించాలి. శిక్షణ ఇచ్చేవాళ్లలో చాలామంది ఈ అధ్యయనాన్ని ఫిర్యాదు చేసినవాళ్ల నోరు మూయించడానికి వాడతారు. ‘చూశారా, పక్షపాతం వార్తలో లేదు, మీ చెవిలో ఉంది’ అని. అధ్యయనం ఆ మాట చెప్పలేదు. పక్షపాతం ఉందనిపించడం దానికి రుజువు కాదంటుంది, అంతే. ఉందనిపించింది కాబట్టి లేదు అనడం తలకిందులు చేయడమే. పైగా ఫిర్యాదు పట్టుకుని మన గడపకు వచ్చిన మనిషికి మనస్తత్వ శాస్త్రం చెబితే, అతను మళ్లీ రాడు.

తర్వాత రెండు గదులవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టాం. ఒకరి జవాబులు ఒకరు వింటే మెత్తబడతారేమో అన్న ఆశ ఉంది. మెత్తబడలేదు, గొడవైంది. పాత పంచాయతీ తగాదాలు కూడా బయటికొచ్చాయి. ఆ పద్ధతి అంతటితో వదిలేశాం.

కానీ ఆ రోజు ఉపయోగపడిన సంగతి ఒకటి జరిగింది. చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్లు కొందరు వెనక కూర్చున్నారు. వాళ్లు ఏ పార్టీ గురించీ రాయించలేదు. గుర్తున్నది చెప్పమంటే, వాళ్లు చెప్పినవన్నీ ప్రశ్నలే. వలస పోయినోళ్ల పేరు ఏ పడవ కింద రాస్తారు? గుజరాత్‌లోని వేరావల్ నుంచి వచ్చేసరికి లెక్క అయిపోతే ఎవర్ని అడగాలి? మగదిక్కు లేని ఇంటికి వస్తుందా రాదా? ఇరవై వేల వార్త వాళ్లు మొదటి నుంచి చివరిదాకా విన్నారు. వాళ్లకు కావలసింది అందులో లేదు. మేనేజర్ గారి డైరీలోని రెండో వాక్యం - ‘లిస్టుల పేరు నేనోళ్ల మాట’ - అప్పుడు మళ్లీ తీసి చదివాం.

పాత స్క్రిప్టులు చూడటం

ప్రసారమైన కార్యక్రమాలను మూడు నెలల పాటు దాచి ఉంచాలన్నది కమ్యూనిటీ రేడియో నిబంధన. కాబట్టి రికార్డింగులు అంతవరకే దొరికాయి. అయితే అనౌన్సర్ తన స్క్రిప్టులను నోటు పుస్తకాల్లో రాసుకునేది, అవన్నీ జాగ్రత్తగా ఉన్నాయి. ప్రభుత్వం మారకముందువీ, మారిన తర్వాతవీ. ఇలాంటి పోలిక చేసే అవకాశం అరుదు.

ఏ రోజులు తీయాలన్నది మొదటి నిర్ణయం. సీఎం వచ్చిన రోజులే తీస్తే జవాబు ముందే తెలిసిపోతుంది. వరుసగా ఒక వారం తీస్తే ఆ వారం ప్రత్యేకత అంతటా కనిపిస్తుంది. మన జిల్లాల్లో సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. వెనకటి ప్రభుత్వంలో ‘స్పందన’ అన్నారు, ఇప్పుడు ‘ప్రజా సమస్యల పరిష్కార వేదిక’ అంటున్నారు. ఆ రోజు అధికారుల మాటలు సహజంగానే ఎక్కువ. అందుకని ఒక వారం నుంచి సోమవారం, తర్వాతి వారం నుంచి మంగళవారం, ఆ తర్వాతి వారం నుంచి బుధవారం, అలా ఏరి తీశాం. రెండు ప్రభుత్వాల కాలాలకూ ఇదే పద్ధతి.

ఎవరు లెక్కించాలన్నది రెండోది. నేను లెక్కిస్తే సంస్థ పిలిపించిన మనిషి లెక్క అంటారు. ఒక పక్షానికి అభిమాని అని ఊరందరికీ తెలిసిన రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ని, రెండో పక్షంలో తిరిగే యువకుణ్ని అడిగాం. ఇద్దరికీ అవే స్క్రిప్టులు ఇచ్చి, విడివిడిగా గళ్లు నింపమన్నాం. వార్తలో ఎవరు మాట్లాడారు, ఎవరు చేసిన పని, ఎవరి బతుకుకు సంబంధించింది, చెప్పిన మాటను ఇంకెవరైనా సరిచూశారా, మూల వార్తలో లేని మాట ఏమైనా చేరిందా. మంచి వార్త, చెడు వార్త అనే గడి పెట్టలేదు. అది పెడితే మళ్లీ రెండు గదుల కథే అవుతుంది.

ఇద్దరూ చాలా గళ్లు ఒకేలా నింపారు. తేడా వచ్చింది ఒకచోట. సభలో లబ్ధిదారు మైకు తీసుకుని ధన్యవాదాలు చెబితే, అది ప్రజల గొంతా, పార్టీ గొంతా? ఉపాధ్యాయుడు ఒకటన్నారు, కుర్రాడు ఇంకోటన్నాడు. ప్రభుత్వం మారిన తర్వాతి స్క్రిప్టులకు వచ్చేసరికి ఇద్దరి అభిప్రాయాలూ అటూ ఇటూ మారిపోయాయి! అది వాళ్లే గమనించారు, నేను చెప్పలేదు. వాళ్లిద్దరి మధ్య నమ్మకం కుదిరింది అక్కడే. ఆ గడిని రెండుగా చీల్చాం: వేదిక మీద మాట్లాడిన సామాన్యులు, వేదిక బయట మాట్లాడిన సామాన్యులు.

తేలింది ఏమిటంటే, రెండు ప్రభుత్వాల కాలాల్లోనూ వార్త ఎముకల గూడు ఒకటే. 2023 ఏప్రిల్‌లో మూలపేట ఓడరేవు శంకుస్థాపన వార్త, అదే ఏడాది డిసెంబరులో పలాస కిడ్నీ ఆసుపత్రి ప్రారంభోత్సవం వార్త, 2025లో బుడగట్లపాలెం వార్త పక్కపక్కన పెట్టి చూస్తే పేర్లూ, అంకెలూ తప్ప వాక్యాలు మారలేదు. ముఖ్యమంత్రి ప్రారంభించారు, మంత్రి వివరించారు, కలెక్టర్ ఆదేశించారు. వేదిక బయట మాట్లాడిన సామాన్యుల గడి రెండు కాలాల్లోనూ దాదాపు ఖాళీ. ఓడరేవు వల్ల ఊరు మారాల్సినవాళ్లు గానీ, డయాలసిస్‌కు వెళ్లే మనిషి గానీ, లిస్టులో పేరు లేని మత్స్యకారుడు గానీ స్క్రిప్టులోకి రాలేదు.

ఇంకో రెండు సంగతులు తేలాయి. మొదటిది, మూడు నెలల రికార్డింగుల్లో ఆకాశవాణి బులెటిన్‌తో పోల్చి చూస్తే, అక్కడ వచ్చిన ధర్నాలు, రైతు సంఘాల డిమాండ్లు, ప్రతిపక్ష నాయకుల మాటలు ఇక్కడి స్క్రిప్టులో చాలాసార్లు లేవు. ఏరేటప్పుడే పోయాయి. రెండోది, కొన్ని వార్తల చివర ‘మన తీరప్రాంతానికి ఇది నిజంగా శుభవార్త’ లాంటి వాక్యం ఉంది. మూల వార్తలో అది లేదు. రెండు ప్రభుత్వాల కాలాల్లోనూ ఉంది. అంటే ఫిర్యాదు చేసినవాళ్లు పార్టీని తప్పు పట్టుకున్నారేమో గానీ, మొగ్గు ఉన్న మాట నిజం. ఈ సంగతిని కమిటీ సమావేశంలో దాచకుండా చదివి వినిపించారు మేనేజర్ గారు. అది ఆవిడ ధైర్యం.

అలా ఎందుకు ఏరారు?

ఈ ప్రశ్న అనౌన్సర్‌ను అడిగేటప్పుడు గదిలో కమిటీవాళ్లు ఎవరూ లేకుండా చూశాం. ఆ అమ్మాయి డిగ్రీ చదివింది, ఏ పార్టీతోనూ సంబంధం లేదు. ఆమె చెప్పిన కారణం సూటిగా ఉంది. శిక్షణలో రాజకీయాలు చదవకూడదని చెప్పారు. ధర్నా అంటే రాజకీయం, విమర్శ అంటే రాజకీయం. అందుకని అవి తీసేసేది. కలెక్టర్ గారి సమీక్ష, మంత్రి గారి ప్రారంభోత్సవం సమాచారం కదా, అవి ఉంచేది. ‘కలెక్టరు గారి వార్త సదివితే ఎవరూ ఏటీ అడగరు సార్’ అంది.

కేసు మొత్తానికి కీలకం ఇదే అనుకుంటాను. ప్రభుత్వం చెప్పింది సమాచారం, ప్రభుత్వాన్ని ప్రశ్నించింది రాజకీయం - ఈ గీత ఎవరూ ఆమెకు రాసివ్వలేదు. నిబంధనను భయంతో చదివితే ఆ గీత దానంతట అదే పడుతుంది. ఏ పార్టీ మీదా ప్రేమ లేకుండానే, కేవలం జాగ్రత్త వల్ల, ఎవరు అధికారంలో ఉంటే వాళ్ల రేడియోగా ఆ స్టేషన్ వినిపించింది. నిష్పక్షపాతంగా ఉండాలనే ఆమె ప్రయత్నమే పక్షపాతంలా వినబడింది. ఇలాంటి మొగ్గును మనుషుల్ని మార్చి సరిచేయలేం. ఏరే పద్ధతిని మార్చాలి.

మార్చినవి

ముందుగా, ఏరడం అనేదాన్నే వీలైనంత తగ్గించాం. ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నది ఉన్నట్టు రిలే చేయడం అన్నిటికన్నా సులువు, ఎవరూ వేలెత్తి చూపలేరు. కానీ ముసలివాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, మన మాటల్లో చెబితేనే అర్థమవుతోందని గట్టిగా అన్నారు. అందుకని యాసలో చెప్పడం ఉంచి, వరుసను ఆకాశవాణికి వదిలేశాం. అక్కడ ఏ వరుసలో వస్తే ఇక్కడా అదే వరుస. సమయం చాలకపోతే కింది నుంచి కోయాలి, మధ్యలోంచి తీయకూడదు. ఏ వార్త ఇష్టం, ఏది భయం అన్న ప్రశ్న అనౌన్సర్ భుజం మీంచి దిగిపోయింది. వార్త చివర సొంత వాక్యం చేర్చకూడదు, అది మంచిమాటైనా సరే.

రెండోది, లిస్టులో పేరు లేనివాళ్ల సంగతి. ఇక్కడ ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. వాళ్ల గోడును వార్తలో చదివితే సొంత వార్త అవుతుంది, నిబంధన ఒప్పుకోదు. లైవ్‌లో ఫోన్ తీసుకుంటే ఎవరో ఒకరు పార్టీ పేరు పెట్టి తిట్టకుండా ఉండరు. ఆకాశవాణి ప్రసార నియమావళే కమ్యూనిటీ రేడియోకూ వర్తిస్తుంది, అందులో పార్టీ పేరుతో దాడి కుదరదని ఉంది. అలాగని ఊరుకుంటే అసలు ఫిర్యాదు అలాగే మిగిలిపోతుంది. కాబట్టి వార్తలకు సంబంధం లేకుండా, వేరే రోజు, వేరే సంగీతంతో, జీవనోపాధి కార్యక్రమంగా ఒకటి మొదలుపెట్టారు. మత్స్యకారులు తమ ప్రశ్నలను తమ గొంతుతోనే రికార్డు చేసి ఇస్తారు. సచివాలయంలోని మత్స్య సహాయకుణ్నో, శాఖ అధికారినో కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్నకూ జవాబు చెప్పిస్తారు. జవాబు రాని ప్రశ్నను ‘జవాబు రాలేదు’ అని చెప్పి, మళ్లీ వారం గుర్తు చేస్తారు. ఈ చివరి నియమానికి కమిటీలో అభ్యంతరం వచ్చింది, అధికారులు నొచ్చుకుంటారని. నేను పట్టుబట్టాను. అది లేకపోతే ఈ కార్యక్రమం కూడా అధికారి ప్రసంగంగా మారడానికి నెల పట్టదు.

మూడోది, ఫిర్యాదు తీసుకునే పద్ధతి. ‘మీరు ఆళ్ల మనుషులు’ అంటే జవాబు లేదు. ‘ఫలానా రోజు ఫలానా వార్తలో ఇది తప్పు, ఇలా ఉండాల్సింది’ అంటే జవాబు ఉంటుంది. ఒక ఫారం తయారుచేశారు. మత్స్యకారులెవరూ అది ముట్టుకోలేదు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపమంటే పంపారు. రోజు, వార్త, తప్పు - ఈ మూడూ అడిగి రాసుకోవడం స్టేషన్ పని. వాటికి వారానికోసారి రేడియోలోనే జవాబు చెబుతున్నారు.

ఏది కుదిరింది, ఏది కుదరలేదు

ప్రశ్నల కార్యక్రమం అనుకున్నదానికన్నా బాగా నిలబడింది. వేరావల్ వెళ్లొచ్చినవాళ్ల నుంచి ప్రశ్నలు వచ్చాయి. కొందరికి ఎక్కడ అర్జీ పెట్టాలో తెలిసింది, కొందరికి తాము అర్హులు కామని తెలిసింది. రెండోది విని కూడా రేడియో మీద కోపం తెచ్చుకోలేదు, ఎందుకు కామో అధికారి నోటితో విన్నారు కాబట్టి.

పార్టీ నాయకుల ఫిర్యాదు మాత్రం పోలేదు. మొదట వచ్చిన మాజీ ప్రజాప్రతినిధి ఇప్పటికీ ఆ రేడియో అధికార పక్షానిదేననే అంటారు. వరుస నియమం వచ్చాక ధర్నా వార్తలు వినబడుతున్నాయని అధికార పక్షం కార్యకర్తలు కొత్తగా అసంతృప్తి చెప్పారు. ఇవి తగ్గాలని లక్ష్యం పెట్టుకోవద్దని స్టేషన్‌కు చెప్పాను. వాళ్లు కోరేది గెలుపు, అది రేడియో ఇవ్వకూడనిది. లిస్టులో పేరు లేని మనిషి అడిగింది వేరు, అది ఇవ్వదగ్గది. ఇద్దరూ ఒకే రోజు, ఒకే గుమ్మం దగ్గర, ఒకే కోపంతో నిలబడటం వల్ల ఒకటిగా కనిపించారు. ఇప్పుడు ఏ స్టేషన్‌కు వెళ్లినా, పక్షపాతం ఫిర్యాదు వస్తే ముందు వచ్చినవాళ్లను విడివిడిగా కూర్చోబెట్టి, ‘మీరు వినాలనుకుని వినబడనిది ఏమిటి?’ అని అడగమంటున్నాను.

ఇంకో లోటు మిగిలింది. బులెటిన్‌లో వేదిక బయటి గొంతులు ఇప్పటికీ తక్కువే. ఆకాశవాణిలో వస్తేనే ఇక్కడ వస్తాయి, సొంతంగా వెళ్లి తెచ్చే అధికారం ఈ స్టేషన్‌కు లేదు. కనీసం తమ పరిధిలోని పల్లెల వరకైనా సరిచూసిన స్థానిక వార్త చదివే అనుమతి కమ్యూనిటీ రేడియోలకు ఉండాలని నేను నమ్ముతాను. అది ఈ కేసులో తేలే విషయం కాదు.

పంచాయతీ ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ఏం చేయాలో మాత్రం ముందే రాసి పెట్టుకున్నారు. కోడ్ ఉన్నన్నాళ్లూ యాసలో చెప్పడం ఆపి, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నది ఉన్నట్టు రిలే చేస్తారు. ప్రశ్నల కార్యక్రమం ఆగదు గానీ, పోటీలో ఉన్నవాళ్ల గొంతు, వాళ్ల ఇంటివాళ్ల గొంతు అందులో ఉండదు. స్క్రిప్టు పుస్తకాలను లెక్కించే పని మళ్లీ ఆ ఉపాధ్యాయుడూ, ఆ యువకుడే చేస్తామన్నారు. ఈసారి మూడో మనిషిగా చేపలు ఎండబెట్టే ఆడవాళ్లలోంచి ఒకరిని కలపమని మేనేజర్ గారు అడిగారు, కమిటీ ఒప్పుకుంది.